చాటలో కురిసిన వాన

నా చిన్నప్పుడు పెద్దారవీడు దగ్గరి మా పల్లెలో ఇస్కూలుకూ మా ఇంటికీ నడుమ ఒక మట్టిగోడే అడ్డం. మా తాలూకా కొత్త జిల్లాలో కలిసినా, ఏ జిల్లా అంటే మా అవ్వ ఇంకా కర్నూలనే చెప్పేది. అయ్యవారేమో ప్రకాశం అని చెప్పించేవాడు. ఎవరిది తప్పో తెలియక నేను పలక మీద రెండూ రాసేదాన్ని.

మూడో తరగతిలో ఉండగా అయ్యవారు, మిలిటరీలో పనిచేసే తన బావమరిదిని అడిగి టేపురికార్డరు తెచ్చినాడు. పాఠంలోని కథను మా చేత నాటకంగా చెప్పించి అందులో ఎక్కిస్తానన్నాడు. ముందుగా ఒక్కొక్కరి చేత పేరు చెప్పించి తిరిగి వినిపించినాడు. మిగతా పిల్లల గొంతులన్నీ వాళ్ళవే. నాదొక్కటే ఎవరిదో. అది నేను కాదని ఏడిస్తే, నువ్వేనని అందరూ నవ్వినారు.

కథలో ఒకచోట వాన రావాలి. అంతకు ముందు పడీ పడనట్టు పడిన జల్లును అయ్యవారు టేపులో పట్టిపెట్టినాడు. వింటే అది నూనెలో వడలు కాలుతున్నట్టుంది. "అయితే మీరే చేయండి వాన" అన్నాడు. కాగితాలు నలిపినాం, రేకు మీద ఇసుక పోసినాం. కుదరలేదు. నేను ఇంటికి పరిగెత్తి చాటలో కందులు పోసుకొచ్చి, మైకు పక్కన మెల్లగా అటూ ఇటూ వంచినా. ఈసారి అచ్చం వాన! అసలు వాన వానలా లేకుండా, కందులు వాన ఎట్లయినాయో నాకు అర్థం కాలేదు. సౌండు పెంచుకుని మళ్ళీ మళ్ళీ విన్నాం.

చాట ఇచ్చేద్దామని ఇంటికి పోతే, మా అవ్వ చూరు కింద బానలు, తపేలాలు, చెంబులు వరసగా పెట్టి నిలబడి ఉంది. అవ్వకు చూపు ఆనదు. ఆ ఏడు చేలో వేసిన కంది మొలకలు ఎండకు వాడిపోతున్నాయి. ఎర్రటి ఎండలో అరచెయ్యి చాపి, "ఏందే పిల్లా, వాన చప్పుడు వస్తాంది, చేతికి చుక్క తగల్లేదు?" అని అడిగింది.

నా వెనకే వచ్చిన అయ్యవారు అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి, సంగతి చెప్పి, చాట ఆమె చేతుల్లో పెట్టినాడు. అవ్వ దాన్ని వంచింది. వాన పడింది. ఇంకోసారి వంచి, చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. తిడుతుందేమోనని నేను గుంజ చాటున నక్కినా.

అవ్వ తిట్టలేదు. అయ్యవారు పోయినాక నేను బానలు లోపల పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీలే. మీరంతా కలిసి అంతసేపు పిలిచినారు గదా. వస్తదేమో."

ఆ మాట నవ్వులాటకు అన్నదో, నమ్మే అన్నదో నాకు తెలియలేదు. ఇప్పుడు నాకూ అవ్వ వయసొచ్చింది, ఇంకా తెలియలేదు. కానీ మనవళ్ళు ఫోనులో ఏవేవో తయారుచేసి తెచ్చి చూపిస్తే, ఇది నిజమా అబద్ధమా అని ముందే అడగను. చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వాళ్ళు చాలనేదాకా వింటాను.