గొంగడాయన చెప్పుల చప్పుడు

మా చిన్నప్పుడు... ఆర్మూర్‌లో పసుపు తవ్వే రోజులొచ్చాయంటే మా ఇంట్లో రంగంటని వస్తువు ఉండేది కాదు. చీపురూ, పీటా, మా మడమలూ, ఆఖరికి పెరుగన్నం కూడా పసుపే! ఎనభైల చివరి మాట ఇది. పొలం నుంచి బండ్ల మీద వచ్చిన పచ్చి పసుపును, ఉడకబెట్టే ముందు ఆడవాళ్లంతా పందిరి కింద కూర్చుని విరిచేవాళ్లు. పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి దుంపలు ఒక కుప్ప.

ఆ పనికి మోర్తాడ్ నుంచి మా గంగమణి అత్త వచ్చేది. మా బాపుకు చెల్లెలు. చేతులు ఆడుతున్నంతసేపూ ఆమె నోరు ఊరుకునేది కాదు... మాకోసం గొంగడాయన కథ అల్లేది.

ఆయన ఏ పుస్తకంలోనూ లేడు. అచ్చంగా మా అత్త పుట్టించిన మనిషి. నల్ల గొంగడి కప్పుకుని మక్కచేలల్లో తిరిగేవాడు. దారి తప్పిన పిల్లలను గొంగడిలో చుట్టి తెచ్చి, ఇంటి ముందు దించి మాయమయ్యేవాడు. నాకూ, మా చెల్లె సుజాతకూ ఆయనంటే ప్రాణం. జాతరలో కావాలని తప్పిపోదామనుకున్నాం... చూడండి మా తెలివి!

అది అత్తకు పెళ్లయిన కొత్తలో. మరుసటి ఏడు వచ్చేసరికి గొంగడాయన కాస్త మాయగాడయ్యాడు. పిల్లలను ఇంటికి చేర్చేవాడు గానీ, ముందు ఊరంతా తిప్పి ఏడిపించేవాడు. బజారులో అందరికీ మిఠాయి పంచి మంచోడనిపించుకుని, సందు తిరగ్గానే ఆ పిల్లల చెవులు మెలేసేవాడు. పందిరి కింద అందరూ పడీ పడీ నవ్వారు. అత్త నవ్వలేదు... మాకది అప్పుడు పట్టలేదు.

ఆ పై ఏడు కథ విని సుజాత వణికిపోయింది. గొంగడాయన ఈసారి ఒక పిల్లను వాళ్లింటికి చేర్చలేదు, తన ఇంటికే తీసుకుపోయాడు. బయటికి పోయి వచ్చినప్పుడల్లా, లోపలికి రాబోతూ గడప రాయికి చెప్పులు టప్... టప్... అని కొట్టి దుమ్ము దులిపేవాడు. ఆ చప్పుడు వినగానే లోపలి పిల్ల ఊపిరి బిగబట్టేది.

నాకు ఒళ్లు మండింది. "గొంగడాయన మంచోడు గదత్తా! గిట్లెందుకు జేస్తుండు?"

"మంచోడే బిడ్డా... అందరు మంచోడనే అంటరు," అంది అత్త, కొమ్ము విరుస్తూ.

"మరి గా పిల్ల ఒర్రొచ్చు గద?"

"ఒర్రితే ఎవలకినబడ్తది? గొంగడి మందం గద."

"ఇగ చాలు తీయే, పొల్లగాండ్లు జడుసుకుంటరు," అని బాపమ్మ, అంటే మా బాపు వాళ్లమ్మ, కూతుర్ని కసురుకుంది.

అదే నిమిషంలో వాకిట్లో చప్పుడు. గడప రాయికి చెప్పులు... టప్... టప్.

పోశెట్టి మామ! అత్తను తీసుకుపోవడానికి మోర్తాడ్ బస్సు దిగి వచ్చిన మా అత్త భర్త. చేతిలో మాకు మిఠాయి పొట్లం, ముఖం నిండా నవ్వు. అంత మంచి అల్లుడు మా వాడలోనే లేడని పేరు.

అత్త చేతిలో కొమ్ము అలాగే ఆగిపోయింది. సుజాత నా చేయి గట్టిగా పట్టుకుంది. బాపమ్మ మామ వైపు చూడటం లేదు... కూతురి చేతులనే చూస్తోంది.

ఆ ఏడు వచ్చినప్పటి నుంచీ అత్త చేతులు భుజాల దాకా పసుపుతోనే ఉన్నాయి. పసుపు కాలంలో అదేం వింత, అందరి చేతులూ అంతే గదా అనుకున్నాం. కానీ కొమ్ములు విరిస్తే పసుపు అంటేది వేళ్లకు, మహా అయితే మణికట్టు దాకా! భుజాల దాకా ఎందుకంటుతుంది? పసుపులోనే పుట్టి పెరిగిన ఇంట్లో అప్పటిదాకా ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

"కూసో అల్లుడా," అని చెప్పి బాపమ్మ అత్తను నీళ్ల గోలెం దగ్గరికి లాక్కుపోయింది. మేమూ వెంటపడ్డాం. "వద్దే అమ్మా... పోదది," అంటూనే ఉంది అత్త. రుద్దగా రుద్దగా పసుపు వదిలింది. కింద ఉన్నది వదల్లేదు. నల్లగా కమిలిన మచ్చలు... వేళ్ల అచ్చులు.

బాపమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని మామ ముందుకు వచ్చింది.

"పిల్ల రాదు అల్లుడా. పసుపు పనున్నది."

"ఎన్ని దినాలత్తమ్మా? మల్లొస్త తియ్యి," అన్నాడు మామ నవ్వుతూ.

"ఆర్మూర్ల పసుపు పండుడు బంద్ అయ్యేదాంక."

మామ నవ్వు అలాగే ఉంది, కళ్లు మారాయి. పోతూ పోతూ గడప రాయికి చెప్పులు కొట్టాడు... వచ్చేటప్పుడు దులుపుకుంటారు గానీ, పోయేటప్పుడు ఎవరైనా దులుపుకుంటారా! ఆ తర్వాత చాన్నాళ్లు, పాలాయన చెప్పుల చప్పుడైనా సరే, పందిరి కింద అందరి చేతులూ ఆగిపోయేవి.

అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. మరుసటి పసుపుకు మేమే భయం భయంగా అడిగాం, "అత్తా... గొంగడాయన ఏమైండు?"

అత్త ఒక కొమ్ము విరిచి కుప్పలో వేసింది. "ఏమో బిడ్డా... గొంగడైతే గా పిల్ల కాడున్నది. గిప్పుడు గామెనే కప్పుకొని తిరుగుతున్నది. తొవ్వ తప్పినోళ్లను ఇండ్లల్ల దింపుతున్నది."

ఇప్పుడు ట్రాక్టరు వెనక బాయిలర్ వస్తుంది, బుస్సుమని ఉడికించి పోతుంది. మా పందిరి లేదు, దాని కింద కథా లేదు. మా ఇంటి పిల్లలు ఫోన్లలో కథలు వింటున్నారు. వాటిల్లో మంచోడు చివరిదాకా మంచోడే... చెప్పేవాళ్ల చేతులు మాత్రం కనబడవు.

మీ ఇంట్లో కథలు చెప్పింది ఎవరు? వాళ్ల కథలో మంచోడు ఎప్పుడైనా మారిపోయాడా? గుర్తొస్తే ఇక్కడ రాయండి... కానీ ముందు వాళ్లకొక ఫోన్ చేయండి.