మామిడికర్ర తుపాకి, టర్పెంటైన్ సీసా

1948 అక్టోబరు మొదటి సోమవారం పొద్దున మెదక్ పోలీసు క్యాంపు నుంచి నాకు తాఖీదు వచ్చింది. నా స్టూడియో ముద్ర ఉన్న ఒక ఫోటో దొరికిందట. దాని నెగటివ్ గాజు ప్లేటు తీసుకుని మరునాడు హాజరు కావాలట. నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఫోటోలు తీశాను. పెళ్లివారిని, పీనుగులను, చర్చి మెట్ల మీద వరసగా నిలబడ్డ పాదిరీలను తీశాను. సర్కారు నా పనితనాన్ని అంత శ్రద్ధగా పరిశీలించింది మాత్రం ఆ ఒక్కసారే.

నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చి అప్పటికి మూడు వారాలు. దాన్ని పోలీసు చర్య అన్నారు. ట్యాంకులు ఏ పోలీసు ఠాణాలో ఉంటాయని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సెప్టెంబరు నడిమి దాకా రూమీ టోపీ కింద తిరిగిన కొన్ని తలలు నెలాఖరుకు తెల్ల కాంగ్రెసు టోపీ కింద కనిపించాయి. తల లోపలి సరుకు మారడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు. పైభాగానికి పదిహేను రోజులు చాలునని కళ్లారా చూశాను.

నా స్టూడియో అంటే ఇంటి ముందు గది. ఉత్తరం వైపు పైకప్పు తీసేసి గాజు పలకలు వేయించాను. కరెంటు లేని ఊళ్లో ఎండే మా దీపం. గాజు ప్లేటు పెట్టే పెద్ద కెమెరా. గిరాకీగా వచ్చిన మనిషి నేను మూడు లెక్కపెట్టేదాకా కదలకూడదు. అందుకని మెడ వెనక ఒక ఇనుప కొక్కెం ఆనించేవాణ్ని. వెనక తెర మీద పాలరాతి స్తంభాలు, సరస్సు, రెండు హంసలు. మంజీర వాగు తప్ప వేరే నీళ్లు ఎరగని రైతు ఆ సరస్సు ముందు నిలబడి, పటంలో పడితే ఆయుష్షు తగ్గుతుందా అని అడిగేవాడు. తగ్గితే ముందు నాకే తగ్గాలి, రోజూ కెమెరా పక్కనే చస్తున్నానని చెప్పేవాణ్ని. నమ్మేవాడు కాదు. కొక్కెం తగిలించుకుని మాత్రం నిలబడేవాడు.

తెరతో పాటు స్టూడియో తరఫున ఒక కోటు, ఒక తుపాకి ఉండేవి. కోటు ఖాకీది, పట్నంలో పాత బట్టల దుకాణంలో కొన్నది. మూడో గుండీ ఊడిపోతే మా ఇంటావిడ రాజమ్మ నల్ల గుండీ కుట్టింది. తుపాకి వడ్రంగి మామిడికర్రతో చెక్కి నల్లరంగు పూసింది. గొట్టం పొడవునా ఒక పగులు. స్టూడియోలో అడుగుపెట్టిన మగవాడు ముందు ఆ కోటు తొడిగేవాడు, తరవాత తుపాకి పట్టేవాడు. జీవితంలో పిల్లిని అదిలించనివాడు కూడా పటంలో సిపాయి కావాలనుకుంటాడు. ఇది నా వృత్తి నేర్పిన మొదటి మనస్తత్వశాస్త్రం.

క్యాంపు వాళ్లకు దొరికిన ఫోటో మస్తాన్‌ది. మస్తాన్ దూదేకుల మనిషి. ఇల్లిల్లూ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. పెళ్లాం పుట్టింటికి నర్సాపూర్ పోయి ఏడాదైనా మామ పంపలేదు. అల్లుడి చేతిలో ఎప్పుడు చూసినా దూదే కనిపిస్తుందని, మగవాడి చేతిలో ఉండవలసిందేదీ కనిపించదని ఆ మామ నలుగురిలో ఎగతాళి చేశాడట. పోలీసు చర్యకు ఆరు నెలల ముందు మస్తాన్ నా దగ్గరికి వచ్చాడు.

"ఫోటో సాబ్, గా తుపాకి పట్టుకొని దిగుత. జర అసలుదాని లెక్క కొట్టాలె. మా మామ సూడంగనే పరేషాన్ గావాలె" అన్నాడు.

అసలుదానిలా కొట్టించడంలోనే మా పనితనం ఉంది. ప్లేటు మీద అంతా తలకిందులు. అక్కడ నలుపున్నచోట కాగితం మీద తెలుపు వస్తుంది, పలచగా ఉన్నచోట నలుపు వస్తుంది. ముఖం మీద అమ్మవారి మచ్చ నీడ ప్లేటు మీద పలచని చుక్కగా పడుతుంది. ఆ చుక్కను సన్నని పెన్సిలుతో నింపితే కాగితం మీద మచ్చ మాయం. ప్లేటుకు పెన్సిలు సరిగా అంటదు గనుక ముందుగా టర్పెంటైనులో కరిగించిన గుగ్గిలం పూస్తాం. దీన్ని రీటచింగ్ అంటారు. దేవుడు చేసిన పొరపాట్లు దిద్దే విద్య అని ఒక భక్తుడు నన్ను మెచ్చుకున్నాడు. పొరపాటు చేసినవాడికి గుడి కట్టి, దిద్దినవాడితో బేరమాడడం మా ఊరి ఆచారం.

నేను మస్తాన్ ముఖంతో ఆగలేదు. తుపాకి మీద పగులును పెన్సిలుతో నింపాను. గొట్టం అంచు వెంట ఒక సన్నని గీత లాగాను. కాగితం మీద అది ఇనుము మెరుపై కూర్చుంది. నా చేతిపని చూసి నేనే మురిసిపోయాను. ఫోటో నర్సాపూర్ పోయింది, పెళ్లాం తిరిగి వచ్చింది, ఇంకో ప్రతి మస్తాన్ ఇంట్లో గోడకెక్కింది. సైన్యం వచ్చాక ఆ గోడ దగ్గరికి పోలీసులు వచ్చారు. ఖాకీ కోటు, మెరిసే తుపాకి, తురక పేరు. రజాకారు అనడానికి అంతకంటే ఏం కావాలి? తుపాకి ఎక్కడ దాచావని వారం రోజులుగా అడుగుతున్నారు. లేని తుపాకిని చూపించలేక మస్తాన్ దెబ్బలు తింటున్నాడు. బుధవారం నాడు సంగారెడ్డి జైలుకు పంపుతారని అతని పెళ్లాం వచ్చి మా గడపలో కూలబడింది. అటు పోయినవాళ్ల కబురు ఆ రోజుల్లో తిరిగి రావడం లేదు.

దీనికి మందు సులువనుకున్నాను. కర్ర తుపాకి పట్టుకుపోయి బల్ల మీద పెడితే సరి. అది ఎక్కడుందని రాజమ్మను అడిగాను.

"పొయ్యిల పెట్టిన. సైన్యం వస్తుందంటే తుపాకి ఇంట్ల పెట్టుకుంటరా ఎవలన్న?"

"అది కర్రదే, నీకు తెలీదా?"

"కర్రదని నాకు తెలుసు. వచ్చెటోళ్లకు ఎవలు చెప్పాలె? నీళ్లు మాత్రం మంచిగ కాగినయి."

ఆవిడ చేసింది తప్పని అనలేకపోయాను. తుపాకి కర్రదని చూపడానికి మిగిలింది ప్లేటు ఒక్కటే.

ఆ సాయంత్రమే రాఘవరావు దొర స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ఆయనది పాపన్నపేట వైపు ఒక ఊరు. గడీ మీదికి కమ్యూనిస్టు సంఘంవాళ్లు వస్తారని భయపడి ఏడాదిన్నర ముందే మెదక్ చేరుకున్నాడు. ఇక్కడ రజాకార్లకు తన ఇంట్లోనే భోజనాలు పెట్టాడు. ఊరు విడిచినా పెత్తనం వదల్లేదు. నా కోటు తొడిగి, నా తుపాకి పట్టి ఫోటో దిగి, దాన్ని గడీ దర్వాజా మీద వేలాడదీయించాడు. కౌలుదార్లు భయపడాలని. మామిడికర్రకు భయపడి రైతులు ధాన్యం కొలిచారో లేదో నాకు తెలియదు. ఇప్పుడాయన శాంతి కమిటీ పెద్ద. ఎవరు రజాకారో క్యాంపుకు చెప్పే పని ఆయనదే. మస్తాన్ పేరు ఇచ్చింది కూడా ఆయనే. మా స్టూడియో ఉన్న ఇల్లు కూడా ఆయనదే.

"నర్సింలూ, నా ప్లేటు ఉన్నదా, పలిగిందా?" అన్నాడు.

"ఉన్నది దొరా."

"పలిగిందనుకో. గాజే గద. జమానా మారింది, మనం గూడ జర మారాలె. గీ ఇల్లు ఎవలదో యాదికున్నది గద నీకు?"

లోపలి నుంచి రాజమ్మ గొంతు వచ్చింది. "పలిగితే పెంకులు ఊడ్చేది నేను దొరా. నన్ను గూడ ఒక మాట అడుగుండ్రి."

దొర నవ్వి లేచిపోయాడు. ఆ నవ్వుకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. ఏం చేద్దామని ఆవిణ్ని అడిగాను. "కిరాయిల్లు ఇంకోటి దొరుకుతది. దూది ఏకనీకి ఇంకో మస్తాన్ దొరుకుతడా?" అని, ప్లేట్లు కడిగే నీళ్లు తోడడానికి పోయింది. మా ఇంట్లో తీర్మానాలు ఇంతకంటే పొడుగ్గా ఎప్పుడూ జరగలేదు.

మంగళవారం నేను క్యాంపుకు రెండు ప్లేట్లు, రెండు ప్రింటింగ్ చట్రాలు, ఎండ కాగితం, టర్పెంటైన్ సీసా, కొంచెం దూది పట్టుకుపోయాను. క్యాంపు బడిలో పెట్టారు. అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు. ఆయన పక్కన తెల్ల టోపీతో దొర, ఇంకో నలుగురు పెద్దమనుషులు. గోడవార నేల మీద మస్తాన్. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

ఇన్‌స్పెక్టరు ఫోటో ముందుకు తోశాడు. "ఇది మీరు తీసిందేనా? ఫోటో అబద్ధం చెప్పదు కదయ్యా?"

"ఫోటో చెప్పదండి, ఫోటోగ్రాఫరు చెప్తాడు. ఇందులో చెప్పింది నేను" అన్నాను.

"సాబ్, గది కర్రదని మస్తు మొత్తుకున్న. ఒక్కలు ఇంటలేరు" అన్నాడు మస్తాన్. నోరు మూసుకోమన్నారు.

నేను దూది టర్పెంటైనులో ముంచి, ప్లేటు మీద తుపాకి ఉన్నచోట మెల్లగా తుడిచాను. గుగ్గిలంతో పాటు పెన్సిలు దూదికి అంటుకుని వచ్చింది. ఆ దూది ఏకింది మస్తానే. తరవాత ప్లేటును చట్రంలో కాగితం మీద బిగించి వరండా ఎండలో పెట్టాను. ఈ కాగితానికి మందుల అవసరం లేదు, ఎండకే బొమ్మ పైకి తేలుతుంది. కాకపోతే సమయం పడుతుంది. పక్కనే రెండో చట్రం కూడా పెట్టాను. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. దొర కొత్త భారతదేశంలో క్రమశిక్షణ ఎంత ముఖ్యమో ఇన్‌స్పెక్టరుకు వివరిస్తున్నాడు. నేను మబ్బులు చూస్తున్నాను. మొక్కుకునే అలవాటు ఉన్నవాడైతే ఆ పావుగంటలో ఒక మేకపిల్ల ఖర్చు అయ్యేది.

మొదటి చట్రం విప్పాను. ఎర్రగా తేలిన బొమ్మలో మస్తాన్ అదే మస్తాన్. తుపాకి గొట్టం మాత్రం నిలువునా పగిలిన మామిడికర్ర. ఇన్‌స్పెక్టరు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "సరే, తుపాకి పోయింది. కోటు సంగతేమిటి? ఖాకీ కోటు ఇతనికి ఎక్కడిది?"

రెండో చట్రం విప్పి ఆయన ముందు పెట్టాను. అదే తెర, అవే హంసలు. అదే కోటు, అదే నల్ల గుండీ. అదే తుపాకి, దాని మీద అదే నా పెన్సిలు మెరుపు. కోటు పైన దొర ముఖం.

ఇన్‌స్పెక్టరు ఫోటోను చూశాడు, పక్కకు తిరిగి దొరను చూశాడు.

"గది... ఎవలో జబర్దస్తీగ దింపిండ్రు సాబ్" అన్నాడు దొర.

"మెడ వెనక కొక్కెం పెట్టిన మాట నిజమే దొరా" అన్నాను.

ఈ కోటు ఇంకా ఎంతమంది తొడిగారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. నా దగ్గర పదకొండు ప్లేట్లు ఉన్నాయని, అందులో ముగ్గురు ఈ బల్లకు అవతల, ఆయన పక్కనే కూర్చున్నారని చెప్పాను. ఎవరో దగ్గారు. ఇన్‌స్పెక్టరు ఆ ముగ్గురి పేర్లు అడగలేదు. దొర ఫోటోను తిప్పి బోర్లా పెట్టి, కాగితాల మీద ఏదో రాసి, మస్తాన్‌ను ఇంటికి పొమ్మన్నాడు.

న్యాయం అలా జరిగింది. మస్తాన్ నిర్దోషి అని తేలినందుకు కాదు, కోటు తొడగడం నేరమైతే శాంతి కమిటీని రద్దు చేయవలసి వస్తుంది గనుక. గోడవార ఇంకా కొందరు మిగిలారు. వాళ్లు నా స్టూడియోలో ఫోటో దిగలేదు. వాళ్లకు ప్లేట్లు లేవు.

దొరకు ఏమీ కాలేదు. నాకు వారంలో ఇల్లు ఖాళీ చేయమని కబురు వచ్చింది. పైకప్పు గాజు పలకలను విప్పి, ఒక్కటీ పగలకుండా తలమీద మోసి, చర్చి తోవలో కొత్త ఇంటికి చేర్చింది మస్తాన్. ఆ పని అయ్యాక గడపలో నిలబడి నసిగాడు.

"సాబ్, గా ప్లేటుల తుపాకి మళ్ల మునుపటి లెక్క చెయ్యరాదు? గోడ మీది ఫోటో పోలీసోళ్లు ఇయ్యలే. మా మామ వచ్చే వారం వస్తుండు."

ప్రాణం పోగొట్టబోయిన పెన్సిలు గీత మళ్లీ కావాలట. వాచిన కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. కావాలంటే దూది ఏకే విల్లుతో ఫోటో తీస్తాను, ఊరికే తీస్తానన్నాను. అలిగి వెళ్లిపోయాడు. మూడు నెలలు మా పరుపుల వైపు చూడలేదు. రాజమ్మ ఆ మూడు నెలలూ గడ్డలు కట్టిన దూది మీద పడుకుని, ఎవరిని తిట్టాలో తేలక నన్నే తిట్టింది.

మొదటి ఎన్నికల ముందు రాఘవరావు దొర కొత్త స్టూడియోకు వచ్చాడు. టోపీ తనే తెచ్చుకున్నాడు. ముఖం మీద ముడతలు తీసేయమన్నాడు. తీసేశాను, అది నా వృత్తి. ప్లేటు మీద పేరు రాసి, పాత ప్లేటు పక్కనే అటక మీద పెట్టాను.

ఈ వ్యవహారం తరవాత రీటచింగ్‌లో నా పెన్సిలు మనిషి ముఖం దాటి పోలేదు. గిరాకీ పోతుందని తెలిసినా స్టూడియో కోటు తొడిగిన ప్రతి ఫోటో వెనకా 'కోటు మాది' అని రాసి ఇచ్చాను. ఫోటో సాక్ష్యమని నమ్మేవాళ్లు దాన్ని తీసినవాణ్ని కూడా పిలిచి అడగాలి. పిలిచినప్పుడు చూపించడానికి వాడి దగ్గర ప్లేటు పగలకుండా ఉండాలి.