మగ్గం గుంతలో ఆటడబ్బా

నా మొదటి జీతంతో పెనుకొండలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న వీడియో గేమ్ డబ్బా, ఇంటికి వచ్చిన రోజు నుంచీ అలుగుతూనే ఉంది. కాసేపు ఆడగానే వేడెక్కుతుంది, టీవీలో చారలు పడతాయి, ఆరిపోతుంది. ఇంట్లో ఎంత మంది వెక్కిరించినా నేను దాన్ని వదల్లేదు. అంత పిచ్చి నాకు మనుషుల మీద కూడా లేదు.

ధర్మవరంలో మాది నేతపని ఇల్లు. ముందు గదిలోనే మగ్గం. నాయన దాని కింది గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పట్టుచీరలు నేస్తాడు. నడి ఎండాకాలంలోనూ ఆ గుంత చల్లగా ఉంటుందని గుర్తొచ్చి, ఒక ఆదివారం డబ్బాను అందులోకి దించాను. ఆడినంతసేపూ ఆరిపోలేదు. సంతోషం పట్టలేక ఇల్లంతా గంతులేశాను. నాయనకు మాత్రం ఒళ్లు మండింది.

"నా కాళ్లు యాడ పెట్టుకోవల్ల?" అని రోజూ తిట్టేవాడు. ఒక్కోసారి ఆయన బొటనవేలు స్విచ్చి మీద పడేది. అంతే, నా కారు రోడ్డు మధ్యలో మాయం.

హిందూపురం నుంచి అక్కతో వచ్చిన బావ ఇదంతా చూసి కడుపుబ్బ నవ్వి, పందెం కట్టాడు.

"ఏమ్ మరదలా, ఈ డొక్కుది ఒక్క పెద్ద రేసు పూర్తిగా ఆడిచ్చిందంటే ఇంక నేను నోరెత్తను. మద్దెలో ఆరిపోయిందంటే పాత సామాన్లోనికి ఏసేయల్ల."

పౌరుషానికి పోయి సరే అన్నాను. అన్నాక భయమేసింది.

ఇద్దరం కూర్చున్నాం. నాయన నేస్తూనే ఉన్నాడు. బావ కారు దూసుకుపోయింది, నాది గోడలన్నీ గుద్దుకుంటూ పోయింది. ఆఖరి రౌండులో టీవీలో చారలు మొదలయ్యాయి. బావ ఇకిలిస్తున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఉన్నట్టుండి మగ్గం చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే నాయన కాళ్లు రెండూ పైకి తీసేసి, గట్టు మీద గొంతుక్కూర్చుని, అట్టముక్కతో గుంతలోకి విసురుతున్నాడు.

మా వీధిలో పట్టపగలు మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికో ఏదో అయినట్టే లెక్క. పక్కింటి అత్త పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందన్నా, మగ్గం నిలిచిపాయె?"

"సద్దు చేయద్దమ్మా," అన్నాడు నాయన. "ఆఖరి రౌండు."

ఆమెకు ఏం అర్థమైందో గానీ, తానూ కొంగుతో విసరడం మొదలుపెట్టింది. అక్క నవ్వు ఆపుకోలేక గోడకు చేరబడింది. చారల మధ్య దారి వెతుక్కుంటూ నా కారు అందరికంటే చివర గీత దాటింది. ఆ తర్వాతే డబ్బా ఆరిపోయింది.

నాయన అట్టముక్క పక్కన పెట్టి అడిగాడు.

"ఏమైంది?"

"బావ గెలిచినాడు నాయనా. నేనే ఆఖరు."

"నీ సంగతి ఎవరడిగినారు? మన డబ్బా గెలిచిందా, లేదా?"