నాగరాజు తెచ్చిన వైరస్ లిస్టు

మా చిన్నప్పుడు పేటలోని మా ఇంటి నడవలో నాన్న మగ్గం గుంట ఉండేది... ఆ గుంట పూడ్చి గచ్చు చేసిన చోటే, మా అమ్మాయి సుకన్య ఏడో తరగతిలో ఉండగా కంప్యూటర్ బల్ల వేశాం. తొంభైల చివరి మాట.

ఆ బల్ల పక్కన మా అమ్మ పీట వేసుకుని కూర్చునేది. చూపు సగం పోయింది... జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న నేసిన చీరల అంచులు ఒక్కొక్కటే చెబుతుంటే, సుకన్య బొమ్మలు గీసే ప్రోగ్రాంలో గడి తర్వాత గడికి రంగు నింపేది.

"రెండు గళ్లు ఇడిసిపెట్టు పాపా... ఇప్పుడు ఒగ ఎర్రది. మళ్లా రెండు ఇడువు."

"అవ్వా, ఈ అంచు కోటకొమ్మేనా?"

"కోటకొమ్మ గాకుండా ఏనుగా? చూసుకోని పెట్టే!"

అలా నలభై దాకా అంచులు... కాగితం మీద ఎక్కడా లేవు. ఆ చీరలు ఎవరెవరి ఒంటి మీదో చిరిగిపోయాయి. మిగిలింది అమ్మ తలలో, ఆ కంప్యూటర్‌లో.

దాన్ని కాపాడే పని నాదనుకున్నాను. చదివే అలవాటున్నవాణ్ణి. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగళ్లలో కంప్యూటర్ వైరస్‌ల మీద లావుపాటి పుస్తకం ఒకటి కొని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చివరిదాకా చదివాను. బయటి ఫ్లాపీ పెట్టకూడదని అట్టముక్క మీద రాసి మానిటర్‌కు అతికించాను.

అయినా ఇంట్లో అందరి నమ్మకమూ నా తోడల్లుడు నాగరాజు మీదే... మా ఆవిడ చెల్లెలి భర్త. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో మెషీన్ల పని. పుస్తకం తెరిచి ఎరగడు.

యాంటీవైరస్ తనకు తెలిసిన వైరస్‌నే పట్టుకుంటుంది. కొత్తవాటి లిస్టు దానికి నెలనెలా అందించాలి. మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు, నాగరాజు వాళ్ల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉంది. నెలకో శనివారం ఆ లిస్టును ఫ్లాపీలో ఎక్కించి, నలగకుండా ఖాళీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని స్కూటర్ మీద వచ్చేవాడు.

"ఏం తల్లీ, మన రోగి ఎట్లుండాది?" అని కంప్యూటర్ గురించి అడుగుతూ లోపలికి వచ్చేవాడు. సుకన్య పరుగెత్తేది. అమ్మ నవ్వేది. నేను గంటసేపు వివరించినా వాళ్లకు ఎక్కని సంగతి అతను రెండు ముక్కల్లో చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది...

ఒక శనివారం తొందర పని ఉందని ఫ్లాపీ నా చేతికిచ్చాడు. "మీరే ఎక్కించండన్నా. పిల్ల శానా కష్టపడుండాది."

అతను మెట్లు దిగాక సుకన్య అంది, "చిన్నాయన ఉండంగా మన కంప్యూటర్‌కు ఏమీ గాదు."

ఆ మాట విన్నాక ఫ్లాపీని పుస్తకాల వెనక పడేశాను. "ఎక్కించినావా అప్పా?" అని అడిగితే, "ఆఁ" అన్నాను.

మూడు వారాల తర్వాత ఒక రోజు కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెర... ఫలానా తేదీ వచ్చేదాకా కదలకుండా కూర్చుని, ఆ రోజు డిస్కంతా తుడిచేసే రకం వైరస్ అది. అంచులన్నీ పోయాయి.

నాగరాజు వచ్చి మళ్లీ అన్నీ ఎక్కించి, ఇంట్లోని సీడీలన్నీ ఒక్కొక్కటే పరీక్షించాడు. నేను కొన్న పాత కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో ఆ వైరస్ దొరికింది. ఫ్లాపీల గురించి అట్టముక్క రాసిన నాకు సీడీ మీద అనుమానమే రాలేదు.

"పోయిన నెల లిస్టులోనే ఉండాదన్నా ఇది. ఎక్కించినారు గదా?"

పక్కనే సుకన్య, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో. "ఎక్కించాను," అన్నాను.

అతను నా వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత పిల్ల వైపు తిరిగాడు. "నాదే తప్పు తల్లీ. తొందరలో ఫ్లాపీ సరిగ్గా రాసుకోలేదేమో. ఏడవద్దు, దండం పెడ్తా."

సుకన్య రెండు నెలలు అతనితో మాట్లాడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది... ఆ రెండు నెలలూ నాకు సంతోషంగా ఉండింది.

అమ్మ మళ్లీ పీట వేసుకుంది. పదిహేడు అంచులు చెప్పగలిగింది. మిగతావి తలుచుకుంటూ తలుచుకుంటూనే పోయింది.

పోయిన నెల నాగరాజూ పోయాడు. ఎంత మంచివాడో అని చుట్టాలంతా ఇక్కడ, ఈ గ్రూపులో రాస్తున్నారు. చదువుతుంటే ఈ వయసులో కూడా కడుపు మండుతోంది... నేను చేసిన తప్పు కూడా తన పేరు మీదే మోసుకుపోయాడు. అదొక్కటీ అతనికి వదలను. సుకన్యా, చిన్నాయన తెచ్చిన ఫ్లాపీ బాగానే ఉందమ్మా. ఎక్కించనిది నేను.

ఇప్పుడు ఆ లిస్టులు వాటంతటవే వచ్చి ఎక్కుతాయి. వాటికోసం ఎవరూ ఎవరి గడపా తొక్కనక్కర్లేదు... కుళ్లుకోవడానికైనా ఒక మనిషి ఇంటికి వచ్చే రోజులవి.

మీ ఇంటికి ఎవరు వచ్చేవారు? అలాంటివాళ్లు ఉంటే వాళ్ల గురించి రాయండి... నాలాగా ఆలస్యం చేయకండి.