నీళ్ళు పడని స్లాబు

మా పెద్దమ్మను పనిచోట అందరూ నీళ్ళమ్మ అనేవాళ్ళు. కొత్తగా పోసిన స్లాబు మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టి, అవి ఎండిపోకుండా నీళ్ళు నింపడం ఆమె పని. పెళ్ళికి వెళ్ళినా మధ్యలో లేచి, "స్లాబు ఎండుతుంటుంది" అంటూ వచ్చేసేది. పెదనాన్న సెంట్రింగ్ పనివాడు. స్లాబు కింద కర్రలు నిలబెట్టేదీ, గట్టిపడ్డాక వాటిని విప్పేదీ ఆయనే. "పైన నువ్వు తడుపు, కింద నేను మోస్తా. మన కాపురం అంతే" అని నవ్వించేవాడు.

ఒక గోదాము కప్పుకు కొత్తరకం సిమెంటు వాడారు. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదలో ఘాటైన మందునీళ్ళు కలిపి చేసేది, జియోపాలిమర్ అంటారు. దాన్ని తడపకూడదని ఇంజనీరు మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ కూలీలకు చెప్పాడు. పెద్దమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. మర్నాడు అందరికంటే ముందు వచ్చిన ఆమెకు, ఎండలో మాడుతున్న స్లాబును చూసి ప్రాణం ఉసూరుమంది. వరండా వైపు మూలంతా మడులు కట్టి నింపేసింది. ఇంకో బిందె కోసం దిగుతుంటే మెట్ల దగ్గర మేస్త్రీ ఎదురయ్యాడు.

"ఎక్కడికి నీళ్ళమ్మా, బిందె పట్టుకుని? దీనికి నీళ్ళు పడవు. పచ్చిగా ఉండగా తగిలాయా, మందు కారిపోయి పిండైపోతుంది. నీకిక సెలవులే!"

కూలీలు నవ్వారు. అప్పటికే తడిపేశానని పెద్దమ్మ చెప్పేసిందంటే, మేస్త్రీ మళ్ళీ మొగుడూ పెళ్ళాలిద్దరినీ పనికి పిలవడు. చీపురు మరిచానని పైకి పోయి, మడులు తెంచి నీళ్ళన్నీ వదిలేసింది.

కొన్నాళ్ళకు ఆ మూలంతా తెల్లగా ఉప్పులాంటిది పొంగింది. ఎవరూ చూడకముందే కొంగుతో తుడిచింది. వేళ్ళు జిగురుజిగురుగా అయి, చర్మం ఊడింది.

"ఏంటే ఆ చెయ్యి?" అన్నాడు పెదనాన్న.

"సబ్బు పడలేదు."

ఇంట్లో గిన్నె జారిపడినా ఉలిక్కిపడేది. అన్నం తింటున్న ఆయన నడినెత్తినే చూస్తూ కూర్చునేది.

కర్రలు విప్పే రోజు వచ్చింది. పెదనాన్న సుత్తి పట్టుకుని నేరుగా వరండా మూలకే నడిచాడు. మొదటి దెబ్బ పడబోతుండగా పెద్దమ్మ పరుగున వెళ్ళి ఆ కర్రను రెండు చేతులతో వాటేసుకుంది.

"తప్పుకోవే! పిచ్చా నీకు?"

"తియ్యొద్దయ్యా. నేను తడిపాను. ఈ మూల నేనే తడిపాను."

మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంజనీరు మాత్రం పైకెక్కి, ఆ మూల స్లాబును మేకుతో గీశాడు. తడి సున్నంలోకి దిగినట్టు మేకు దిగిపోయింది. ఆ మూల కర్రలను ముట్టుకోనివ్వలేదు. తరువాత ఆ ముక్కంతా పైనుంచే కొట్టించేశాడు.

మేస్త్రీ వాళ్ళను మళ్ళీ పిలవలేదు. వేరే చోట్ల పని దొరికింది. ఇప్పుడు పెద్దమ్మ బిందె ఎత్తే ముందు, "దీనికి నీళ్ళు పడతాయా?" అని కనబడ్డవాళ్ళందరినీ అడుగుతుంది. పెదనాన్న సుత్తి ఎత్తే ముందు పైకి చూసి కేకేస్తాడు: "ఏమే, చెప్పాల్సిందేమైనా ఉందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. పెద్దమ్మ జవాబిచ్చేదాకా ఆయన సుత్తి మాత్రం కిందికి దిగదు.