ఫణి గోటి పరీక్ష

ఆ రోజు కెమెరా ముందు ఫణి తన పేరు ఎందుకు చెప్పలేదు? రెండేళ్లవుతోంది. నాకింకా తెలియలేదు.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పదకొండేళ్లపాటు ఫణి వాళ్లు పై వాటాలో ఉండేవాళ్లు, నేను కింది వాటాలో. జపాన్ వాళ్ల కార్ల విడిభాగాల కంపెనీ ఒకదాని ల్యాబ్‌లో ఫణి ఇంజనీరు. హైడ్రోజన్ బండ్ల ట్యాంకు మూతికి వేసే రబ్బరు రింగులు చలికి ఎప్పుడు పాడవుతాయో కనిపెట్టడం అతని పని. సున్నాకి నలభై డిగ్రీల కిందికి చల్లబరిచి తీసిన రింగును బొటనవేలి గోటితో నొక్కేవాడు. ఆ నొక్కు ఎంతసేపట్లో పూడుతుందో చూసి, ఇది మూడో చలికాలం దాటదని చెప్పేవాడు. మొదట్లో తోటివాళ్లు నవ్వారట. నవ్వనివాడు నిషిదా ఒక్కడే. జపాన్ నుంచి వచ్చి ఫణికి పని నేర్పిన పెద్దాయన. ఆ గోటి నొక్కును కొలిచే యంత్రాన్ని ఫణి చేతనే తయారు చేయించాడు.

ఆ ఉద్యోగం మనిషిని అరగదీసింది. పొద్దున్నే అందరితోపాటు వరసలో నిలబడి చేతులూ కాళ్లూ ఆడించి పని మొదలుపెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చునేసరికి జపాన్‌లో తెల్లవారుతుంది, ఫోన్ మోగుతుంది. అక్కడ ఎవరూ నేను చేశాననరు, మేం చేశామంటారు. ఫణికి ఇంట్లోనూ అదే వచ్చేసింది.

"పప్పు మాడ్చి, మాడ్చేశాం చంద్రికా అంటారు బాబాయ్ గారూ," అని అతని భార్య నాతో చెప్పి నవ్వింది. "దానిక్కూడా టీమ్ కావాలా ఈయనకి!"

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం మా ఇంటికి వచ్చేవాడు. జపాన్‌లో జరిగే పరిశోధనల మీద, అక్కడ కొత్తగా కనిపెట్టిన వాటి మీద టీవీలో ఒక సీరీస్ వచ్చేది. ఒక వారం భూకంపానికి ఊగి నిలబడే మేడ, ఇంకో వారం సముద్రం అడుగున పాకే యంత్రం. నాకు సగం అర్థమయ్యేది కాదు. ఫణి సోఫాలో వాలి, కళ్లు సగం మూసుకుని చూసేవాడు. వేరేవాళ్లు పని చేస్తుంటే చూడటం ఒక్కటే అతనికి దొరికిన విశ్రాంతి అనుకుంటాను.

ఆ సీరీస్ వాళ్లే ఒకసారి అతని ల్యాబ్‌ని చిత్రీకరించడానికి వస్తామన్నారు.

అప్పటికి అతని గ్రీన్ కార్డు లైన్ పన్నెండేళ్లుగా నడుస్తోంది, ఎప్పటికి తెమిలేదో ఎవరూ చెప్పలేరు. కూతురు అవనికి ఇరవై ఒకటి నిండటానికి ఎనిమిది నెలలుంది. అది నిండితే ఆ పిల్లకి తండ్రి లైన్‌లో చోటుండదు. ఐదేళ్లప్పుడు వచ్చిన పిల్ల, ఇక్కడ ఉండాలంటే నిన్న విమానం దిగినవాళ్లలా సొంతంగా వీసా తెచ్చుకోవాలి. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకి త్వరగా కార్డు వచ్చే వేరే దారి ఉంది. దానికి కావలసినవన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప.

"పెద్ద మీడియాలో నా పేరుతో నా పని గురించి రావాలట బాబాయ్ గారూ," అన్నాడు ఫణి. "ఈ ఎపిసోడ్ రాగానే ఫైల్ చేసేద్దాం అంటున్నాడు లాయర్."

"రెండు మాటలు మాట్లాడితే సరిపోతుందా?"

"చాలట. పేరు మాత్రం స్క్రీన్ మీద పడాలి."

చంద్రిక అతని నీలం చొక్కా ఇస్త్రీ చేస్తూ, "స్పెల్లింగ్ కాగితం మీద రాసిచ్చి రండి. తప్పు పడిందంటే మళ్లీ అదో అఫిడవిట్," అంది.

రెండు నెలలకి ఎపిసోడ్ వచ్చింది. అవని కాలేజీ నుంచి వచ్చింది. అందరం మా హాల్లోనే కూర్చున్నాం. సగం అయ్యాక తెర నిండా ఒక బొటనవేలు కనిపించింది. గోరు నల్లటి రబ్బరులోకి దిగి, మెల్లగా లేచింది. నొక్కు పూడుతున్నంతసేపూ వెనక సంగీతం ఆపేశారు. అంత అందంగా చూపిస్తారని నేననుకోలేదు.

"నాన్నా, అది నీ హ్యాండ్! ఓ మై గాడ్, నీ హ్యాండ్!" అని అవని అరిచింది.

ముఖం రాలేదు. కింద అక్షరాలు పడ్డాయి: మిషిగన్ ల్యాబ్ బృందం. కార్యక్రమం అక్కణ్ణుంచి ఇంకో ఊరికి, ఇంకో యంత్రానికి వెళ్లిపోయింది.

"పేరేదండీ?" అంది చంద్రిక.

"అడిగారు. టీమ్ పేరు వేయండి చాలన్నాను."

"ఎవరు? మీరా?"

"నోట్లోంచి అలా వచ్చేసింది."

"ఈ దేశంలో ఎన్ని ఫారాల మీద రాశారండీ ఆ పేరు! ఒక్కసారి నోటితో చెప్పడానికి ఏమొచ్చింది?"

అవని తల్లి పక్కకి జరిగింది. "ఇట్స్ ఓకే అమ్మా. నేను స్టూడెంట్ వీసా తీసుకుంటా. నా ఫ్రెండ్ కూడా అదే చేసింది."

"నువ్వూరుకో," అంది చంద్రిక, ఫణినే చూస్తూ.

బొటనవేలు సాక్ష్యానికి పనికిరాదన్నాడు లాయర్. పోనీ ఆ పని ఫణిదేనని కంపెనీ చేత ఉత్తరం రాయించుకు రమ్మన్నాడు. నిషిదా స్వయంగా రాసి, రెండు చేతులతో పట్టుకుని, వంగి మరీ ఇచ్చాడట. ఫణి నాకు చూపించాడు. చాలా మర్యాదగా ఉంది. మా బృందం, మా బృందం అని పేజీ నిండా ఉంది. ఫణి పేరు మొదట్లో ఒక్కసారి వచ్చింది.

"ఇంకోలా రాయమని అడగలేకపోయావా?" అన్నాను.

"ఎలా అడగను బాబాయ్ గారూ? ఆయన పేరే ఆయన ఎక్కడా రాసుకోలేదు." ఉత్తరం మడుస్తూ, "షూటింగ్ రోజున కూడా నా పక్కనే ఉన్నాడు," అన్నాడు. తలుపు దాకా వెళ్లి, "అదీ కాదేమో. ఆ రోజు బాగా అలిసిపోయున్నాను," అన్నాడు.

రెండు మాటలూ నేను నమ్మాను. రెంటిలో ఏదీ చాలలేదు. ఒక రింగుకి రాబోయే మూడో చలికాలాన్ని చూసినవాడికి కూతురి ఎనిమిది నెలలు కనబడలేదని ఎలా అనుకోను? తెలిసే చేశాడనుకుంటే మరీ భయమేస్తుంది.

ఆ ఉత్తరం చాలదని లాయర్ కాగితాలు దాఖలు చేయలేదు. అవని పుట్టినరోజు దగ్గర పడ్డాక, కంపెనీకి కెనడాలో ఉన్న ప్లాంటుకి ఉద్యోగం మార్పించుకున్నాడు ఫణి. "అక్కడైతే ఇరవై రెండు నిండేదాకా పిల్లలేనట," అని నాతో చెప్పింది కూడా చంద్రికే. అతను ఆదివారాలు రావడం అప్పటికే మానేశాడు. మెట్ల మీద ఎదురైతే మాత్రం, "ఆదివారం పొద్దున బయల్దేరతాం బాబాయ్ గారూ. మీ చేతి కాఫీ తాగే వెళ్తాం," అన్నాడు.

దానికి ముందు రోజు, శనివారం పొద్దున పదింటికి నేను లైబ్రరీ నుంచి నడిచి వస్తున్నాను. ట్వెల్వ్ మైల్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఇంటి సామాన్లతో ఒక అద్దె ట్రక్కు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర ఫణి. దాని వెనక కారులో చంద్రిక, అవని. పిల్ల ఫోన్ చూసుకుంటోంది. నేను చెయ్యెత్తాను. ఫణి నన్ను చూశాడు, చూశాడనే అనుకుంటున్నాను. అద్దం దించలేదు. సిగ్నల్ మారింది. ట్రక్కు, దాని వెనకే కారు, మలుపు తిరిగి వెళ్లిపోయాయి.