పెట్టె మీద ఇటుక

మా బావ లిఫ్టు మెకానిక్. పొద్దున పనికి బయల్దేరేటప్పుడు ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. పై వాటాలో ఆయనా మా అక్కా ఉంటారు, కింది వాటాలో నేను బట్టలు కుడతాను. అక్క ఏడింటికే ఆసుపత్రి ల్యాబుకు పోతుంది కనక తాళం పని బావదే. ఆ టకటకలు మూడూ వినపడితే నాకు ఎనిమిదైనట్టు లెక్క.

మూడేళ్ల కిందటి దాకా ఆయనంత నింపాదైన మనిషి లేడు. ఒక భవనంలో లిఫ్టు ఎప్పుడూ బాగానే ఉంటుంది కదా అని, ఆ నెల తనిఖీలో మూత తీసి చూడకుండానే "అంతా సరిగ్గా ఉంది" అని కార్డు మీద సంతకం పెట్టి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ రెండంతస్తుల మధ్య గంటన్నర ఇరుక్కుపోయింది. ఆవిణ్ణి బయటికి తీసింది బావే. ఆవిడ పల్లెత్తు మాట అనలేదట, ఆయన చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదట. తిట్టి ఉంటే బాగుండేది అంటాడు బావ. అప్పట్నుంచి మూత ఉన్న ప్రతిదాన్నీ తీసి చూస్తేగాని ఆయనకు కాలు నిలవదు. కుక్కరు, నీళ్ల ట్యాంకు, చివరికి నా కుట్టుమిషను కూడా.

మనసు కాస్త కుదుటపడుతుందని అక్కే ఆయనకు తేనెటీగల సరదా అంటించింది. మొక్కల నర్సరీ నడిపే ఆవిడ ఒక పెట్టె ఇచ్చి, ఆదివారాలు పాఠం చెప్పింది. మేడ మీద పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడపడే మూల పెట్టమంది. ఈగలు వచ్చిపోయే కన్నం మనం తిరిగే దారివైపు ఉండకూడదంది. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పక్కనే పళ్లెంలో గులకరాళ్లు పరిచి నీళ్లు పోస్తే రాళ్ల మీద వాలి తాగుతాయి, రాళ్లు లేకపోతే మునిగి చస్తాయి. కుడితే ముల్లును వేళ్లతో పట్టి పీకకూడదు, గోటితో పక్కకు గీరెయ్యాలి. బావ అన్నీ తు.చ. తప్పకుండా చేశాడు, ఆవిడ ఆఖర్న చెప్పింది తప్ప.

"పదిహేను రోజులకోసారి మూత తియ్యండి, చాలు. ఊరికే కెలికితే ఇల్లు ఖాళీ చేసి పోతాయి."

బావ రోజుకు రెండుసార్లు తీశాడు. పద్దెనిమిదో రోజు సాయంత్రం చూస్తే, మైనపు తెట్టెలే ఉన్నాయి, ఒక్క ఈగ లేదు. "పొద్దున కూడా చూశానే! అంతా సరిగ్గానే ఉందే!" అంటూ ఖాళీ పెట్టె ముందు చతికిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, ఆ మొహం చూసి ఏడుపూ వచ్చింది.

నర్సరీ ఆవిడ రెండో పెట్టె ఇస్తూ, "ఇదే ఆఖరు. ఇవీ పోతే మీరు క్రోటన్ మొక్క పెంచుకోండి. దాన్ని ఎంతసేపు చూసినా ఎక్కడికీ పోదు" అంది. బయటినుంచే ఎలా కనిపెట్టాలో కూడా చూపించింది. ఈగలు కాళ్లకు పసుపు పచ్చని పుప్పొడి ముద్దలు అంటించుకుని లోపలికి పోతున్నాయంటే లోపల పిల్లలున్నట్టే, గుడ్లు పెట్టే రాణి ఉన్నట్టే. పెట్టెను వెనకనుంచి రెండు వేళ్లతో కాస్త ఎత్తితే బరువునుబట్టి తేనె సంగతి తెలుస్తుంది. అక్క ఇదంతా విని, పెట్టె మూతకు తాళం వేసి చెవి నాకిచ్చింది. గాలికి మూత కొట్టుకోకుండా పైన ఇటుక పెట్టారు.

ఇక నా పని అయింది. బావ నా చెవిలో జోరీగలా తయారయ్యాడు.

"మరదలా, ఆ తాళంచెవి ఒకసారి ఇయ్యి."

"దేనికి బావా?"

"తుప్పు పట్టిందేమో చూద్దామని."

తలుచుకుంటే ఆ తాళాన్ని హెయిర్‌పిన్నుతో తీయగలడు. అయినా తీయలేదు. మేడ మీద కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు, వెనకనుంచి పెట్టె ఎత్తి చూసేవాడు, మళ్లీ నా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

తొమ్మిదో రోజు ఆయన పనికి పోయాక మేడ మీద బట్టలారేస్తూ పెట్టెవైపు చూశాను. ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కదాని కాళ్లకూ పుప్పొడి లేదు. పావుగంట చూశాను, లేదు. రాణి చచ్చిపోయిందేమో! కిందికి పోయాను, పైకి వచ్చాను, మళ్లీ కిందికి పోయి ఈసారి తాళంచెవి తెచ్చాను. ఈగల్ని శాంతపరిచే పొగ కూడా పెట్టకుండా మూత తీసి, తెట్టె కట్టిన మధ్య చట్రం ఎత్తాను. గదుల అడుగున తెల్ల దారం తుంపుల్లా గుడ్లు నిలబడి ఉన్నాయి. రాణి ఉంది! ఆ సంతోషంలో ఉండగానే ఒకటి మణికట్టు మీద కుట్టింది.

అన్నీ సర్ది తాళం వేశాక అసలు భయం పట్టుకుంది. నేను కెలికినందుకు ఇవి పోతేనో? బావ తొమ్మిది రోజులు పళ్లబిగువున ఆపుకున్నది నా చేతుల్లో మట్టిగొట్టుకుపోతేనో? ఆ రోజు ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

సాయంత్రం బావ తిన్నగా మేడ మీదికి పోయి నన్ను పిలిచాడు.

"ఇటుక నేను నిలువుగా పెడతాను. ఇది అడ్డంగా ఉంది."

నా మణికట్టు అప్పటికే బూరెలా ఉబ్బింది. దాచి లాభం లేదు. "పుప్పొడి రావట్లేదు బావా. ఉండబట్టలేకపోయాను" అన్నాను.

"అయితే నీకూ అంటుకుందన్నమాట!" అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. నవ్వు ఆగాక దగ్గరికి వచ్చి, "రాణి..." అని ఆగిపోయాడు. పిట్టగోడ గట్టిగా పట్టుకున్నాడు.

నేను నోరు తెరిచాను.

"చెప్పకు."

"మంచి కబురే బావా..."

"చెప్పొద్దన్నానా! ఇంకా ఆరు రోజులుంది." ఇటుకను నిలువుగా తిప్పి పెట్టాడు.

మర్నాడు పొద్దున నేను మిషను ఆపి చెవులు రిక్కించాను. బావ మేడ ఎక్కిన చప్పుడు. కాసేపటికి పైనుంచి "ఉన్నాయి!" అని కేక. దిగిన చప్పుడు. తాళం వేశాడు, ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. మూడోదాని కోసం సూది చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.